పది ఫలితాల నుంచి ఇంటర్ తొలి క్లాసు దాకా: మార్కులు ఎలా పోల్చాలి, ఏ పని ముందు చేయాలి

ఏటా ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే నా ఫోన్‌కు తీరిక ఉండదు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి మా పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ఎప్పుడో చదివి వెళ్లిన పాత విద్యార్థులు కూడా ఫోన్ చేస్తారు. అడిగేది దాదాపు ఒకే ప్రశ్న. "మావాడికి ఇన్ని వచ్చాయి సార్, మా బావగారి అమ్మాయికి ఇన్ని వచ్చాయి. ఇప్పుడు ఏ గ్రూపులో చేర్చమంటారు?"

ఫోన్లో రెండు నిమిషాల్లో తేలే విషయం కాదిది. అందుకే వరుసగా రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బోర్డుల్లో పది రాసిన పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. సీబీఎస్ఈ నుంచి ఇంటర్‌కు వచ్చేవాళ్లకు పనికొచ్చే మాటలు 3వ మెట్టులో ఉన్నాయి. మెట్ల వరుస మాత్రం మార్చకండి. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం మార్కులు తక్కువై జరిగినవి కావు, ముందు చేయాల్సిన పని వెనక చేసినందువల్ల జరిగినవి.

## 1. రిజల్ట్ రాకముందే కదలాలి

2025లో ఏపీ పది ఫలితాలు ఏప్రిల్ 23న, తెలంగాణవి ఏప్రిల్ 30న వచ్చాయి. రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అని కూర్చుంటే అప్పటికే కొన్ని తలుపులు మూసుకుపోతాయి. పాలిసెట్, గురుకుల జూనియర్ కాలేజీల ప్రవేశ పరీక్షలకు దరఖాస్తు గడువులు చాలాసార్లు ఫలితాల కన్నా ముందే ముగుస్తాయి. పాలిటెక్నిక్‌కు వెళ్లే ఉద్దేశం లేకపోయినా పాలిసెట్ రాయించండి. పోయేది దరఖాస్తు ఫీజు మాత్రమే. జూన్‌లో మనసు మారితే చేతిలో ర్యాంకు ఉంటుంది.

పరీక్షలు అయిపోయిన వారంలోనే ఇవి సిద్ధం చేసుకోండి:

- హాల్‌టికెట్ జిరాక్సులు 3, ఫోన్లో ఒక ఫొటో
- ఆధార్ కార్డు, అందులో పేరు, పుట్టిన తేదీ స్కూల్ రికార్డుతో సరిపోతున్నాయో లేదో
- కులం, ఆదాయం సర్టిఫికెట్లకు దరఖాస్తు (తెలంగాణలో మీసేవ, ఏపీలో గ్రామ, వార్డు సచివాలయం)
- ప్రీ ఫైనల్ పరీక్షల మార్కులు, సబ్జెక్టుల వారీగా ఒక కాగితం మీద

చివరిది చాలామంది పట్టించుకోరు. 3, 4 మెట్లలో ఆ కాగితం లేకుండా పని జరగదు. పరీక్షలు అయిపోయాక ఆ మార్కుల రిజిస్టర్ ఎక్కడుందో మాకే వెతుక్కోవాల్సి వస్తుంది, కాబట్టి స్కూలు తెరిచి ఉన్నప్పుడే అడిగి రాసుకోండి.

## 2. మెమో చేతికొచ్చిన గంటలో

ముందు మార్కులు కాదు, పేరు చూడండి. పది మెమోలో ఉన్న పేరు, ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, వీటితోనే పాస్‌పోర్టు దాకా నడుస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ రోజే హెడ్‌మాస్టర్‌కు చెప్పండి. దిద్దుబాటు స్కూల్ ద్వారానే బోర్డుకు వెళ్తుంది. ఎన్నేళ్లు ఆలస్యం చేస్తే అన్ని కాగితాలు అడుగుతారు.

తర్వాత పాస్ సంగతి. ప్రతి సబ్జెక్టులో 35 రావాలి, ద్వితీయ భాషలో 20 చాలు. తెలంగాణలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 ఇంటర్నల్స్‌కు. రాతపరీక్షలో విడిగా 28 రావాలి. ఇంటర్నల్స్‌లో 20కి 20 వచ్చి, రాతలో 26 దగ్గర ఆగిపోయిన పిల్లలు మొత్తం 46 చూసి "పాసే కదా సార్" అంటారు. కాదు. ఆ సబ్జెక్టు తప్పినట్టే లెక్క.

మూడోది: మొత్తం మార్కులు మీరే ఒకసారి కూడండి. ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టేయండి. ఆ సాయంత్రం బంధువుల గ్రూపుల్లో మెమో ఫొటో పెట్టొద్దు. హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు అన్నీ అందులోనే ఉంటాయి. అది చూసి సాయంత్రానికల్లా కాలేజీల పీఆర్వోలు ఇంటి ముందుంటారు.

## 3. మార్కులు పోల్చడం

ఇక్కడ నిదానంగా చదవండి. పిల్లలు పోల్చుకోకుండా ఉండరు, పోల్చుకోవద్దని చెప్పినా వినరు. చెప్పగలిగింది ఒక్కటే, సరైన వాటిని పోల్చమని.

నిరుడు రిజల్ట్ వచ్చిన మర్నాడు ఇద్దరు అమ్మాయిలు మా స్టాఫ్‌రూమ్ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఒకమ్మాయికి 544, ఇంకో అమ్మాయికి 516. ఒకే బెంచీలో మూడేళ్లు కూర్చున్న స్నేహితులు. 516 వచ్చిన పాప చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, తల ఎత్తడం లేదు. వాళ్లమ్మ అప్పటికే సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్)లో చేర్చేద్దామని అనేసిందట. నేను ఒక రూళ్ల కాగితం తీసుకుని నిలువుగా గీత గీసి ఇద్దరి మార్కులూ పక్కపక్కన రాయించాను.

- మొదటి అమ్మాయి: తెలుగు 97, హిందీ 95, ఇంగ్లీషు 91, లెక్కలు 82, సైన్స్ 86, సోషల్ 93. మొత్తం 544.
- రెండో అమ్మాయి: తెలుగు 84, హిందీ 80, ఇంగ్లీషు 78, లెక్కలు 98, సైన్స్ 92, సోషల్ 84. మొత్తం 516.

"లెక్కలు, సైన్స్ మాత్రమే కూడండి" అన్నాను. మొదటి అమ్మాయికి 168, రెండో అమ్మాయికి 190. ఎంపీసీ (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ) చదవాలంటే రెండేళ్లూ పని ఆ రెండు సబ్జెక్టులతోనే. 28 మార్కులు వెనకబడ్డానని ఏడ్చిన పాప అక్కడ 22 మార్కులు ముందుంది. ఆ పాప పెన్సిల్‌తో 190 చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టింది. ఎంపీసీలోనే చేరింది.

మీరూ ఆ కాగితం తయారు చేసుకోండి. పద్ధతి ఇది:

మొదట కొలత ఒకటి చేయండి. ఏపీలో 600కు 600 రాతపరీక్ష మార్కులే. తెలంగాణలో ప్రతి సబ్జెక్టులో 20 ఇంటర్నల్స్ కలిసి ఉంటాయి. సీబీఎస్ఈలోనూ 80, 20 పద్ధతే, కానీ మొత్తం లెక్కకట్టేది సాధారణంగా ఐదు సబ్జెక్టులకు 500కు. కాబట్టి తెలంగాణ, సీబీఎస్ఈ పిల్లలు ఇంటర్నల్స్ తీసేసి రాతలో వచ్చినవి 80కి ఎంతో చూసుకోవాలి. లెక్కల్లో 88 వచ్చిందంటే అందులో ఇంటర్నల్స్ 20 పోగా 68. అంటే 80కి 68, నూటికి 85. మీ చేతిలో ఉన్న నిజమైన అంకె 85. విజయవాడలో ఉన్న మేనమామ కొడుకు 88తో పోల్చాల్సింది దీన్ని.

తర్వాత సైన్స్‌ను విడగొట్టండి. ఫిజికల్ సైన్స్, బయాలజీ రెండు వేర్వేరు పేపర్లు. మెమోలో సైన్స్ మొత్తంగా కనిపిస్తే ప్రీ ఫైనల్ కాగితం చూడండి. నేను చెప్పిన మొదటి అమ్మాయికి ప్రీ ఫైనల్‌లో పీఎస్ 50కి 36, బీఎస్ 50కి 46. సైన్స్ 86 అన్న ఒక్క అంకెలో కనపడనిది అక్కడ కనపడింది. ఆ పాప మనసు కూడా బయాలజీ మీదే ఉంది.

మూడో పోలిక మీతో మీకే. ప్రీ ఫైనల్‌కూ ఫైనల్‌కూ తేడా రాయండి. అన్ని సబ్జెక్టుల్లో పెరిగి ఒక్క దాంట్లో 15 పైగా పడిపోయిందంటే రెండే కారణాలు. ఆ రోజు పరీక్ష బాగా రాయలేదు, లేదా దిద్దడంలో పొరపాటు జరిగింది. పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం ఎలా ఉందన్నారో గుర్తు చేసుకుంటే ఏదో తెలిసిపోతుంది.

ఇక్కడ జరిగే తప్పులు:

- *జీపీఏతో మార్కులను పోల్చడం.* అన్నయ్యకో అక్కకో ఆ రోజుల్లో 9.5 వచ్చింది, నీకు ఎంత అని అడుగుతారు. 91 వచ్చినా 100 వచ్చినా అప్పట్లో ఏ1 గ్రేడే, 10 పాయింట్లే. ఏపీ 2022 నుంచి, తెలంగాణ 2025 నుంచి మళ్లీ మార్కులు ఇస్తున్నాయి. ఆ రెండింటికీ పోలిక కుదరదు.
- *సీబీఎస్ఈలో బేసిక్ మ్యాథ్స్ రాసి వచ్చిన మార్కును స్టాండర్డ్ మార్కులా చూడటం.* బేసిక్‌లో 90 వచ్చి ఎంపీసీ తీసుకునే పిల్లలు 10వ మెట్టులోని పని రెండింతలు చేయాలి.
- *భాషల మార్కులతో వచ్చిన టోటల్ చూసి ఎంపీసీ, భాషల్లో తగ్గిన టోటల్ చూసి ఇంకేదో అనడం.* వరండాలో జరగబోయింది అదే.

## 4. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్: దేనికి ఏది

గడువు వారం నుంచి రెండు వారాలు, అంతే. కాబట్టి అనుమానం ఉంటే మూడో మెట్టు కాగితం పూర్తయిన రోజే తేల్చుకోండి.

రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులను మళ్లీ కూడటం. ఒక్కో సబ్జెక్టుకు 500 రూపాయలు కడుతున్నారు. రీవెరిఫికేషన్‌లో కూడికతో పాటు దిద్దకుండా వదిలేసిన జవాబు ఏదైనా ఉందా అని చూస్తారు, జవాబు పత్రం నకలు కూడా ఇస్తారు. దానికి 1,000 రూపాయలు. రెండోది కడితే మొదటిది విడిగా కట్టక్కర్లేదు. రెండింటిలోనూ ఒకసారి దిద్దిన జవాబుకు మళ్లీ కొత్తగా మార్కులు వేయరు. "ఆ వ్యాసానికి 8కి 5 వేశారు, 7 రావాలి" అన్న ఆశతో డబ్బు కట్టొద్దు. రీవెరిఫికేషన్ దరఖాస్తు హెడ్‌మాస్టర్ ద్వారా వెళ్తుంది.

నా మాట అడిగితే, కట్టేటట్లయితే రీవెరిఫికేషనే కట్టండి. నకలు చేతికొస్తుంది, పిల్లవాడి మనసులో అనుమానం పోతుంది. నకలు వచ్చాక చూడాల్సిన చోట్లు:

- లెక్కల్లో గ్రాఫ్ కాగితం, సోషల్‌లో మ్యాప్. విడిగా కట్టే కాగితాలు ఇవి. మార్కు వేసి ఉందా, మొదటి పేజీలోకి ఎక్కిందా?
- బిట్ల పేపర్ మార్కులు మొత్తంలో కలిశాయా?
- కొట్టేసిన జవాబు తర్వాత రాసిన జవాబు దిద్దారా? పేజీ మొత్తం కొట్టేశారనుకుని ముందుకు తిప్పేసే అవకాశం ఉంది.
- చివరి పేజీ.

ఒక పిల్లవాడికి సోషల్‌లో మ్యాప్ మార్కులు లోపల ఉండి మొదటి పేజీ పట్టికలోకి ఎక్కలేదు. నకలు కాగితం మీద వేలు పెట్టి వాడే చూపించాడు.

రీవెరిఫికేషన్ ఫలితం కోసం కాలేజీలో చేరడం ఆపకండి. ఇంటర్నెట్ మెమోతో తాత్కాలికంగా చేర్చుకుంటారు. మార్కులు మారితే తర్వాత కొత్త మెమో ఇవ్వొచ్చు.

## 5. ఒకటో రెండో తప్పితే

ఈ భాగం పిల్లల కన్నా ముందు పెద్దవాళ్లు చదవండి. ఆ రోజు ఇంట్లో ఏ పోలికా రాకూడదు. పక్కింటి పేరు ఎత్తకండి. ఆ రాత్రి పిల్లల్ని ఒంటరిగా గదిలో వదలకండి, వాళ్ల ఫోన్‌కు వచ్చే "ఎన్ని వచ్చాయ్" మెసేజ్‌లకు మీరే జవాబు చెప్పండి. పిల్ల మాట్లాడటం మానేసినా, తినడం మానేసినా, బతుకు మీద విరక్తిగా మాట్లాడినా 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడతారు. నలుగురికీ తెలుస్తుందేమోనని ఆలోచించకండి.

మర్నాడు స్కూలుకు వెళ్లి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఫీజు కట్టండి. ఆ పరీక్షలు మే, జూన్ నెలల్లోనే ఉంటాయి. పాసైతే అదే ఏడాది ఇంటర్‌లో, పాలిటెక్నిక్ మిగులు సీట్లలో, ఐటీఐలో చేరొచ్చు. ఏడాది పోదు. తప్పిన సబ్జెక్టులో పుస్తకం మొత్తం మొదటి నుంచి చదివించొద్దు. పాత ప్రశ్నపత్రాలు ఐదు తీసి, ప్రతిసారీ వచ్చే పాఠాలు నాలుగు పట్టుకుని, రోజూ రాయించండి. చదివించడం కాదు, రాయించడం. లెక్కలు తప్పిన పిల్లల్లో ఎక్కువమందికి లెక్క తెలుసు, పెన్ను కదలదు.

## 6. గ్రూపు ఎంచుకోవడం

రూళ్ల కాగితం మళ్లీ తీయండి. ఈసారి గ్రూపుల వారీగా.

ఎంపీసీ: లెక్కలు, పీఎస్ చూడండి. పదో తరగతి లెక్కల్లో 90 పైన రావడం చాలదు, ఆ 90 ఎలా వచ్చిందో ముఖ్యం. గైడులో లెక్కలు బట్టీ పట్టి తెచ్చుకున్న 90 ఇంటర్ మొదటి మూడు నెలల్లో కరిగిపోతుంది. ఒక పరీక్ష పెట్టండి: పదో తరగతి పుస్తకంలోని ఒక మాట లెక్కను అంకెలు మార్చి, కథ మార్చి ఇవ్వండి. పిల్లవాడు సమీకరణం రాయగలిగితే ముందుకు వెళ్లొచ్చు. ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, డిగ్రీలో లెక్కలు, కంప్యూటర్లు ఇటు ఉంటాయి. మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్ ఉండదు.

బైపీసీ: డాక్టరు సీటు ఒక్కటే లక్ష్యమనుకుని చేరకండి. వ్యవసాయ బీఎస్సీ, వెటర్నరీ, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ అన్నీ ఇటే. నీట్‌లో ఫిజిక్స్ దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. కాబట్టి లెక్కలంటే భయమని బైపీసీకి వచ్చేవాళ్లు ఆ భయం ఫిజిక్స్‌లో మళ్లీ ఎదురవుతుందని తెలిసి రావాలి.

ఎంబైపీసీ: ఏపీలో 2025-26 నుంచి లెక్కలు, బయాలజీ రెండూ చదివే వీలు పెట్టారు. రెండిటిలోనూ ఇష్టం ఉన్న పిల్లలకే. "ఎందుకైనా మంచిది" అని చేర్చేవాళ్లకు కాదు, బరువు ఎక్కువ.

సీఈసీ, ఎంఈసీ, హెచ్ఈసీ: మార్కులు తగ్గినవాళ్లు వెళ్లే చోట్లన్న మాట నాకు నచ్చదు. సీఏ, లా, బీకాం, టీచర్ ఉద్యోగం, గ్రూప్ పరీక్షలు అనుకునే పిల్లలు 550 వచ్చినా ఇటు రావచ్చు. సీఏ వైపు చూసే వాళ్లకు లెక్కలు ఉన్న ఎంఈసీ మేలు.

గ్రూపు రాసే ముందు పిల్లల్ని ఒంటరిగా అడగండి: "ఏ సబ్జెక్టు పుస్తకం ఎవరూ చెప్పకుండా తెరిచావు?" దానికి వచ్చే జవాబు చాలాసార్లు మార్కుల కన్నా నిక్కచ్చిగా ఉంటుంది.

## 7. ఇంటర్ కాకుండా మిగతా దారులు

ట్రిపుల్ ఐటీలు (ఆర్జీయూకేటీ): ఏపీలో నూజివీడు, ఆర్కే వ్యాలీ, శ్రీకాకుళం, ఒంగోలు, తెలంగాణలో బాసర, మహబూబ్‌నగర్. ఆరేళ్ల కోర్సు, రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిదే), నాలుగేళ్లు బీటెక్. ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులే ఆధారం. నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు అదనపు వెయిటేజీ కలుస్తుంది, దరఖాస్తులో ఆ గడి వదిలేయకండి. టోటల్ మార్కులు నిజంగా పనికొచ్చే పెద్ద చోటు ఇదే. దరఖాస్తు పెట్టి, ఫలితం వచ్చేదాకా ఇంటర్ సీటు వదులుకోవద్దు.

పాలిటెక్నిక్: పాలిసెట్ 120 మార్కులకు. డిప్లొమా మూడేళ్లు, తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. చేత్తో పని చేయడం ఇష్టమైన పిల్లలకు నేను ముందు చెప్పేది ఇదే. ఇంట్లో ఆదాయం తొందరగా కావాల్సిన వాళ్లకు కూడా.

వొకేషనల్ ఇంటర్, ఐటీఐ కూడా ఉన్నాయి. ల్యాబ్ టెక్నీషియన్ లాంటి కోర్సుల్లో చేరేముందు దగ్గర్లోని ఆసుపత్రిలో ఆ పని చేసేవాళ్లతో ఒక గంట మాట్లాడించండి.

## 8. కాలేజీ చూడటం

ఫలితాలకు ముందే ఇంటికి వచ్చి "ఇప్పుడు 5 వేలు కడితే సీటు బ్లాక్ అవుతుంది, రేపు ఫీజు పెరుగుతుంది" అనేవాళ్లుంటారు. ఆ రోజు ఏమీ కట్టకండి. మా బంధువుల కుర్రాడి విషయంలో ఇలాగే ఒకచోట అడ్వాన్స్ కట్టారు. పిల్లవాడికి ట్రిపుల్ ఐటీలో సీటొచ్చాక ఆ డబ్బు తిరిగి ఇవ్వలేదు. చేతిలో ఉన్నది ఒక విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చిన అంకె, రసీదు లేదు.

ఇంటర్ బోర్డుల ప్రకారం అడ్మిషన్ పది మార్కుల ఆధారంగానే జరగాలి, ప్రవేశ పరీక్ష పెట్టకూడదు. "స్కాలర్‌షిప్ టెస్ట్" అన్న పేరుతో పెట్టేదాన్ని చూసి పిల్లవాడి స్థాయి నిర్ణయించకండి.

కాలేజీకి స్వయంగా వెళ్లండి. క్లాసులు జరిగే రోజున, పిల్లల్ని వెంటబెట్టుకుని. అడగాల్సినవి:

1. పరీక్షలు ఏ కాలేజీ పేరు మీద రాయిస్తారు? ఆ పేరు బోర్డు అఫిలియేషన్ జాబితాలో ఉందా? బోర్డు మీద ఒక పేరు, హాల్‌టికెట్ మీద ఇంకో పేరు ఉండే చోట్లున్నాయి.
2. సెక్షన్‌లో ఎంతమంది? తెలంగాణలో బోర్డు పరిమితి 88.
3. ఫిజిక్స్, కెమిస్ట్రీ ల్యాబ్ చూపించమనండి. తాళం వేసి ఉంటే తీయమనండి. బల్లల మీద దుమ్ము చూస్తే అర్థమవుతుంది.
4. మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగిస్తారు? టీసీ ఆపుతారా? కాగితం మీద రాసివ్వమనండి.
5. హాస్టల్ అయితే గదికి ఎంతమంది, బాత్రూములు ఎన్ని, వారానికి ఎన్నిసార్లు ఇంటికి ఫోన్ చేయొచ్చు, ఆదివారం ఎన్ని గంటలు ఖాళీ?
6. మార్కుల ప్రకారం సెక్షన్లు మారుస్తారా? ఎన్నాళ్లకోసారి?

ఆరో ప్రశ్న మరవకండి. పదిలో పోలికతో నలిగిన పిల్లలను ప్రతి వారం టెస్టు తర్వాత సెక్షన్ మార్చే చోట చేరిస్తే ఆ రూళ్ల కాగితం వల్ల కలిగిన ధైర్యం నెలలో పోతుంది.

సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంటే మార్కులొస్తాయని చెప్పి మార్పిస్తారు. తెలుగులో 84, 97 తెచ్చుకున్న పిల్లలకు ఆ అవసరం లేదు. పిల్లలనే నిర్ణయించుకోనివ్వండి.

సరిహద్దు జిల్లాల వాళ్లకు ఒక హెచ్చరిక. కోదాడ, మధిర, భద్రాచలం నుంచి పిల్లల్ని విజయవాడ పంపడం మామూలే. కానీ తెలంగాణలో మెడికల్ సీటుకు లోకల్ కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలోనే చదివి ఉండాలన్న నిబంధన 2024లో వచ్చింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కొందరికి మినహాయింపులున్నా, నీట్ అనుకునే పిల్లల్ని ఇంటర్‌కు రాష్ట్రం దాటించే ముందు ఇది చదువుకోండి. ఏపీ నుంచి హైదరాబాద్ పంపేవాళ్లు కూడా ఏపీ కౌన్సెలింగ్ నిబంధనలు ముందే చూసుకోవాలి.

## 9. చేరే రోజు సంచిలో ఉండాల్సినవి

- పది మెమో (ఒరిజినల్ రాకపోతే ఇంటర్నెట్ మెమో), జిరాక్సులు 3
- టీసీ. తీసుకునే ముందు అందులో పుట్టిన తేదీ, కులం మెమోతో, సర్టిఫికెట్‌తో సరిపోయాయో చూడండి
- 6 నుంచి 10 దాకా స్టడీ సర్టిఫికెట్లు. స్కూల్ మారిన పిల్లలు ప్రతి స్కూల్ నుంచి తెచ్చుకోవాలి
- కులం, ఆదాయం సర్టిఫికెట్లు
- ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాస్‌పోర్టు సైజు ఫొటోలు 6

ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు ఏమేం ఇచ్చారో రాసి సంతకం, ముద్ర వేయించుకోండి. అంతకు ముందే అన్నీ స్కాన్ చేసి డిజిలాకర్‌లోనో మెయిల్‌లోనో దాచండి.

## 10. క్లాసులు మొదలయ్యే దాకా ఉన్న నెల

మేలో పదిహేను రోజులు ఆడుకోనివ్వండి. అమ్మమ్మ ఊరు వెళ్లనివ్వండి. తర్వాత రోజుకు రెండు గంటలు చాలు. ఇంటర్ పుస్తకం ముందే కొని మొదటి పాఠం చదివించడం అక్కర్లేదు. పదిలో వదిలేసిన చోట్లు పూడ్చుకోవాలి.

ఎంపీసీ పిల్లలకు: కారణాంకాలు, వర్గ సమీకరణాలు, త్రికోణమితిలో ప్రామాణిక కోణాల విలువలు, నిరూపక రేఖాగణితంలో దూరం, విభజన సూత్రాలు. భిన్నాల కూడిక, గుర్తుల మార్పు చూడకుండా చేయగలగాలి. ఇంటర్ పేపర్లలో కొత్త పాఠం రాక పోయే మార్కుల కన్నా మైనస్ గుర్తు దగ్గర పోయే మార్కులు ఎక్కువ చూశాను. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంతో పది చదివినవాళ్లకు సంవర్గమానాలు కొత్త, అవి ఒక నాలుగు రోజులు నేర్చుకోండి.

ఫిజిక్స్ ఉన్నవాళ్లందరికీ: ప్రమాణాలు మార్చడం, వేగం, కాలం గ్రాఫు చదవడం. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లని వెంటనే చెప్పగలగాలి. బైపీసీ పిల్లలు త్రికోణమితి విలువలు, గ్రాఫులు వదలొద్దు.

కెమిస్ట్రీ: మొదటి 20 మూలకాలు, వాటి ఎలక్ట్రాన్ విన్యాసం, సంయోజకత, సమీకరణాలు తుల్యం చేయడం.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు: సన్నటి నోటుబుక్ ఒకటి పెట్టండి. ఎడమవైపు త్వరణం, కుడివైపు ఆక్సెలరేషన్. ఎడమవైపు కిరణజన్య సంయోగక్రియ, కుడివైపు ఫోటోసింథసిస్. రోజుకు పది మాటలు. నెలకు 300. విషయం మీకు ముందే తెలుసు, పేరు మారిందంతే. మొదటి నెల క్లాసులో ఆ పుస్తకం జేబులోనే ఉండాలి.

ఇంటర్ మార్కులు ఎంసెట్‌తో కొట్టుకుపోతాయని ఎవరైనా అంటే నమ్మకండి. ఏపీ ఈఏపీసెట్‌లో (ఎంసెట్‌కు ఇప్పటి పేరు) ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణలో తీసేశారు. కానీ జేఈఈ ద్వారా ఎన్ఐటీలో చేరాలంటే ఎక్కడివాళ్లకైనా ఇంటర్‌లో 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ 75 స్థానంలో 65.

క్లాసులు మొదలైన రెండో ఆదివారం ఆ రూళ్ల కాగితం మళ్లీ తీయండి. కింద కొత్త వరుస గీసి తొలి వారం టెస్టు మార్కులు రాయండి. పదిలో 98 వచ్చిన పిల్లకు అక్కడ 40 కనపడొచ్చు. కంగారు పడకండి, మొదటి టెస్టుల్లో చాలామందికి అంతే వస్తుంది. పక్కన రాయాల్సింది ఏ లెక్క దగ్గర ఆగిపోయిందన్న సంగతి. పక్క బెంచీ అమ్మాయికి ఎంతొచ్చిందో ఆ కాగితం మీద ఎక్కడా రాయొద్దు. ఆగిపోయిన లెక్క పట్టుకుని సోమవారం పొద్దున లెక్చరర్ దగ్గరికి వెళ్లమనండి, క్లాసు మొదలయ్యే ముందే.